కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన గ్రంథాలయాల సముదాయం. ఈ ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి బర్కిలీ, లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కో, శాన్ డియేగో, డేవిస్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, ఇర్వైన్, శాంటా క్రూజ్, మెర్సెడ్ అనే 10 ప్రాంగణాలు ఉన్నాయి. వీటన్నిటిలో కలిపి 100కు పైగా గ్రంథాలయాలు, 4 కోట్లకు పైగా ముద్రిత సంపుటాలు ఉన్నాయి. వీటిని ఉపయోగించుకొనే విద్యార్థుల సంఖ్య సుమారు 3 లక్షలు.

పుస్తకాల సంఖ్యలో ఇది ప్రపంచంలోని అతిపెద్ద విశ్వవిద్యాలయ గ్రంథాలయ సముదాయాలలో ఒకటి. అయితే సంఖ్య కంటే చెప్పుకోదగిన విషయం ఇంకొకటి ఉంది. 10 ప్రాంగణాలకు 10 వేర్వేరు పరిపాలనలు, బడ్జెట్లు ఉన్నప్పటికీ, పుస్తకాలన్నిటినీ విశ్వవిద్యాలయానికంతటికీ చెందిన ఒకే సంపదగా భావించడం ఇక్కడి విధానం. 2005లో ప్రారంభమైన మెర్సెడ్ ప్రాంగణంలో చేరిన విద్యార్థికి, శతాబ్దానికి పైబడిన బర్కిలీ సేకరణ నుండి పుస్తకం తెప్పించుకొనే హక్కు ఉంది. ఈ ఏర్పాటు ఒక్కనాటిలో ఏర్పడినది కాదు.

చరిత్ర

విశ్వవిద్యాలయం 1868లో స్థాపించబడింది. తొలి దశాబ్దాలలో గ్రంథాలయమంటే బర్కిలీ గ్రంథాలయమే. శాన్ ఫ్రాన్సిస్కో వ్యాపారి ఛార్లెస్ ఫ్రాంక్లిన్ డో వీలునామా ద్వారా ఇచ్చిన ధనంతో నిర్మించిన డో స్మారక గ్రంథాలయం 1911లో తెరవబడింది. దీని రూపశిల్పి జాన్ గేలెన్ హోవార్డ్.

అంతకు ముందే, 1905లో, పుస్తక వ్యాపారి, చరిత్రకారుడు అయిన హ్యూబర్ట్ హోవ్ బాంక్రాఫ్ట్ సేకరించిన గ్రంథాలను, వ్రాతప్రతులను విశ్వవిద్యాలయం కొనుగోలు చేసింది. అమెరికా పశ్చిమ తీరం, మెక్సికోల చరిత్రకు అది ముఖ్యమైన ఆధారం. కొన్న కొద్ది నెలలకే, 1906 ఏప్రిల్ 18న, శాన్ ఫ్రాన్సిస్కోలో పెను భూకంపం వచ్చి నగరం తగలబడిపోయింది. బాంక్రాఫ్ట్ గ్రంథాలయం ఉన్న భవనం మాత్రం మంటలకు చిక్కలేదు. ఆ సంవత్సరమే సేకరణను బర్కిలీకి తరలించారు.

1919లో లాస్ ఏంజెలెస్‌లో దక్షిణ శాఖ ఏర్పడింది. 1960లలో శాన్ డియేగో, ఇర్వైన్, శాంటా క్రూజ్ ప్రాంగణాలు వచ్చాయి. ప్రతి కొత్త ప్రాంగణమూ తనకు పూర్తిస్థాయి పరిశోధన గ్రంథాలయం కావాలని కోరుకున్నది. అదే పుస్తకాన్ని తొమ్మిది చోట్ల కొనడానికి, తొమ్మిది చోట్ల భవనాలు కట్టడానికి రాష్ట్రం వద్ద ధనం లేదు. ఈ చిక్కుకు సమాధానంగా 1977లో ఒక అభివృద్ధి ప్రణాళిక తయారైంది. తక్కువగా వాడే పుస్తకాలకు ఉమ్మడి నిల్వ కేంద్రాలు, అన్ని ప్రాంగణాలకూ కలిపి ఒకే కంప్యూటరు జాబితా - ఇవి ఆ ప్రణాళికలోని ముఖ్యాంశాలు. నేటి వ్యవస్థకు పునాది అదే.

ఉమ్మడి నిల్వ కేంద్రాలు

ఉత్తర ప్రాంగణాల కోసం బర్కిలీకి సమీపంలోని రిచ్మండ్‌లోను, దక్షిణ ప్రాంగణాల కోసం లాస్ ఏంజెలెస్ ప్రాంగణంలోను రెండు నిల్వ కేంద్రాలు 1980లలో ప్రారంభమయ్యాయి. ఈ రెండింటిలో కలిపి కోటికి పైగా సంపుటాలు ఉన్నాయి. లోపలి గాలి చల్లగా, తేమ తక్కువగా ఉండేటట్లు చూస్తారు కనుక పాత కాగితానికి ప్రాంగణంలోని అరల కంటే ఇక్కడే ఎక్కువ రక్షణ.

మామూలు గ్రంథాలయంలో పుస్తకాలను విషయాన్ని బట్టి అమరుస్తారు. నిల్వ కేంద్రంలో విషయానికి స్థానం లేదు, పుస్తకం ఎత్తును బట్టి అమరుస్తారు. ఒకే ఎత్తున్న పుస్తకాలను ఒకచోట చేరిస్తే అరల మధ్య ఖాళీ మిగలదు. ఖగోళశాస్త్రం పక్కన వంటల పుస్తకం ఉండవచ్చు. పుస్తకం ఎక్కడున్నదో చెప్పేది దానికి అంటించిన బార్‌కోడ్ మాత్రమే. ఒకే ముద్రణకు చెందిన ప్రతి అప్పటికే నిల్వలో ఉంటే రెండవ ప్రతిని సాధారణంగా స్వీకరించరు. దానివలన ఒక ప్రాంగణం దాచిన ప్రతిపై మిగిలిన ప్రాంగణాలు ఆధారపడి, తమ ప్రతులను వదులుకోగలుగుతున్నాయి.

దీనిలో ఒక నష్టం కూడా ఉంది. అరల మధ్య తిరుగుతూ, వెదుకుతున్న పుస్తకం పక్కనే అనుకోకుండా మరొక మంచి పుస్తకాన్ని కనుగొనడం పరిశోధకులకు పాత అలవాటు. నిల్వ కేంద్రానికి వెళ్ళిన పుస్తకాన్ని పేరు తెలిసినవారే అడగగలరు, పేరు తెలియనివారికి అది లేనట్లే. మానవీయ శాస్త్రాల ఆచార్యులు ఇటువంటి తరలింపులను తరచుగా వ్యతిరేకించడానికి ముఖ్య కారణం ఇదే.

ఉమ్మడి జాబితా

అన్ని ప్రాంగణాల పుస్తకాలను చూపించే కంప్యూటరు జాబితా 1981లో ప్రయోగాత్మకంగా మొదలైంది. దీనికి మెల్విల్ అని పేరు పెట్టారు. దశాంశ వర్గీకరణ పద్ధతిని రూపొందించిన మెల్విల్ డ్యూయీ పేరు మీదుగా ఈ పేరు వచ్చింది. పేరు డ్యూయీది అయినా, ఈ గ్రంథాలయాలు పుస్తకాలను అమర్చడానికి ప్రధానంగా వాడేది లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వర్గీకరణ. ఇంటర్నెట్టు సామాన్యులకు అందుబాటులోకి రాకముందే, ఒక ప్రాంగణంలో కూర్చుని 800 కిలోమీటర్ల దూరాన ఉన్న మరొక ప్రాంగణపు పుస్తకాల వివరాలు చూడగలగడం ఆనాటికి పెద్ద విశేషం. మెల్విల్ అనేక రూపాలు మార్చుకొని నాలుగు దశాబ్దాలు పనిచేసింది. 2021 జులై 27న దాని స్థానంలో 10 ప్రాంగణాలూ కలిసి వాడే కొత్త శోధన వ్యవస్థ అమలులోకి వచ్చింది. పుస్తకాల కొనుగోలు, ఎరువు ఇవ్వడం వంటి పనులు కూడా అదే వ్యవస్థలో జరుగుతాయి.

ఈ జాబితాలో తెలుగు పుస్తకాల వివరాలు ఎక్కువగా రోమన్ లిపిలో, అమెరికా గ్రంథాలయాలు అనుసరించే లిప్యంతరీకరణ పద్ధతిలో నమోదై ఉంటాయి. తెలుగు లిపిలో వెదికి, ఫలితం రాలేదని పుస్తకమే లేదనుకోవడం పొరపాటు. పేరును రోమన్ అక్షరాలలో వ్రాసి మరొకసారి వెదకవలసి ఉంటుంది.

బర్కిలీ సేకరణలు

డో గ్రంథాలయానికి ఉత్తరాన ఉన్న పచ్చికబయలు కింద, భూగర్భంలో, 1994లో ప్రధాన పుస్తకాగారాన్ని నిర్మించారు. దీనిలోని అరల మొత్తం పొడవు 52 మైళ్ళు, అనగా 80 కిలోమీటర్లకు పైన. పైన విద్యార్థులు ఎండలో కూర్చుని ఉంటారు, కింద పుస్తకాలుంటాయి. డో భవనంలోనే 1928 నుండి ఉన్న మోరిసన్ గ్రంథాలయం పరీక్షల కోసం కాక కాలక్షేపానికి చదువుకొనే వారికోసం ఏర్పాటైనది.

బాంక్రాఫ్ట్ గ్రంథాలయంలో అరుదైన గ్రంథాలతోబాటు మార్క్ ట్వేన్ వ్రాతప్రతులు ఉన్నాయి. ఈజిప్టులోని టెబ్టునిస్ వద్ద 1899-1900లో జరిగిన తవ్వకాలలో లభించిన పాపిరస్ పత్రాలు కూడా ఇక్కడే ఉన్నాయి. వీటిలో చాలా భాగం మమ్మీలుగా చేసిన మొసళ్ళలో దొరికినవి. చిత్తు కాగితాలుగా భావించి మొసళ్ళకు చుట్టడానికి, లోపల కూరడానికి వాడిన పత్రాల నుండి ఆనాటి పన్నులు, కౌళ్ళు, తగాదాల వివరాలు నేడు తెలుస్తున్నాయి.

దక్షిణాసియాకు సంబంధించిన సేకరణలో తెలుగు పుస్తకాలు ఉన్నాయి. అవి అక్కడికి చేరిన తీరు ఆసక్తికరమైనది. 1954లో చేసిన పబ్లిక్ లా 480 అనే చట్టం కింద అమెరికా భారతదేశానికి గోధుమలు పంపింది. "పి.ఎల్. 480 గోధుమలు"గా పాతతరంవారికి ఇవి గుర్తుండే ఉంటాయి. భారతదేశం ఆ ధరను రూపాయలలో చెల్లించింది. ఆ రూపాయలలో కొంత భాగంతో, 1962లో ఢిల్లీలో ఏర్పాటైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కార్యాలయం భారతీయ భాషలలో వెలువడే పుస్తకాలను, పత్రికలను కొని అమెరికాలోని కొన్ని విశ్వవిద్యాలయాలకు పంపించింది. వాటిలో బర్కిలీ ఒకటి. ఈ విధంగా మన రేషను గోధుమల సొమ్ము తెలుగు నవలలుగా, కవితా సంపుటాలుగా మారి పసిఫిక్ తీరానికి చేరింది. ఈ పథకం 1980లలో ముగిసిన తరువాత గ్రంథాలయాలు తమ ధనంతోనే ఆ కార్యాలయం ద్వారా పుస్తకాలు తెప్పించుకుంటున్నాయి.

తెలుగు భాషాశాస్త్రంతో బర్కిలీకి మరొక సంబంధం కూడా ఉంది. ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువును థామస్ బరోతో కలిసి రూపొందించిన ముర్రే ఎమెనో ఇక్కడి ఆచార్యుడు. భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు క్రియాధాతువులపై వ్రాసిన ప్రసిద్ధ గ్రంథాన్ని 1961లో ప్రచురించినది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమే. 1913లో ఈ తీరంలో పుట్టిన గదర్ పార్టీకి చెందిన పత్రాలు, ప్రచురణలు బాంక్రాఫ్ట్‌లో భద్రపరచబడ్డాయి. కాలిఫోర్నియాలో చదువుకుంటూ ఆ పార్టీలో చేరిన తెలుగువాడు దరిశి చెంచయ్య.

లాస్ ఏంజెలెస్

ఇక్కడి పావెల్ గ్రంథాలయ భవనం 1929 నాటిది. 1944 నుండి 1961 వరకు గ్రంథాలయాధికారిగా ఉన్న లారెన్స్ క్లార్క్ పావెల్ పేరు దీనికి తరువాత పెట్టబడింది. భూకంపాలకు తట్టుకొనేలా భవనాన్ని బలపరుస్తున్న కాలంలో, 1992 నుండి 1996 వరకు, గ్రంథాలయం గుడారం వంటి తాత్కాలిక నిర్మాణంలో నడిచింది.

రచయిత రే బ్రాడ్‌బరీ కళాశాలలో చదవలేదు, గ్రంథాలయాలలోనే చదువుకున్నానని చెప్పుకొనేవాడు. 1950లో ఈ భవనపు నేలమాళిగలో అద్దెకు ఇచ్చే టైపు యంత్రాలు ఉండేవి. 10 సెంట్ల నాణెం వేస్తే అరగంటసేపు టైపు చేసుకోవచ్చు. బ్రాడ్‌బరీ సంచినిండా నాణేలతో వచ్చి, మొత్తం 9 డాలర్ల 80 సెంట్లు ఖర్చుతో ఒక పెద్ద కథ పూర్తి చేశాడు. పుస్తకాలను తగలబెట్టే సమాజాన్ని గురించిన ఆ కథే తరువాత "ఫారెన్‌హీట్ 451" నవలగా 1953లో వెలువడింది.

శాన్ ఫ్రాన్సిస్కో - పొగాకు పత్రాలు

శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంగణంలో వైద్య, ఆరోగ్య శాస్త్రాలు మాత్రమే బోధిస్తారు. 1994లో ఇక్కడి ఆచార్యుడు స్టాంటన్ గ్లాంజ్‌కు ఒక పెట్టె వచ్చింది. పంపినవారి పేరు "మిస్టర్ బట్స్" అని ఉంది. లోపల బ్రౌన్ అండ్ విలియమ్సన్ అనే సిగరెట్ల కంపెనీకి చెందిన సుమారు 4,000 పేజీల అంతర్గత పత్రాలు ఉన్నాయి. నికోటిన్ వ్యసనం కలిగిస్తుందని, పొగతాగడం ప్రాణాంతకమని కంపెనీకి దశాబ్దాల ముందే తెలుసునని ఆ పత్రాలు చూపించాయి. ఆయన వాటిని గ్రంథాలయంలో ఉంచాడు.

పత్రాలు దొంగిలించబడినవని, తమకు తిరిగి ఇవ్వాలని కంపెనీ న్యాయస్థానానికి వెళ్ళింది. ఎవరెవరు వచ్చి పత్రాలు చదువుతున్నారో గమనించడానికి గ్రంథాలయం వద్ద మనుషులను కూడా పెట్టింది. విశ్వవిద్యాలయం పత్రాలు ఇవ్వలేదు. 1995 జూన్‌లో కాలిఫోర్నియా అత్యున్నత న్యాయస్థానం కంపెనీ అభ్యర్థనను తోసిపుచ్చింది. జులై 1న గ్రంథాలయం పత్రాలను ఇంటర్నెట్టులో అందరికీ అందుబాటులో పెట్టింది. ఒకసారి లోకమంతా చదివిన దానిని వెనక్కు తీసుకోవడం ఎవరికీ సాధ్యం కాదు.

1998లో అమెరికా రాష్ట్రాలకు, పొగాకు కంపెనీలకు మధ్య కుదిరిన ఒప్పందం తరువాత మరెన్నో పత్రాలు బయటపడ్డాయి. వాటికోసం 2002లో ఒక డిజిటల్ గ్రంథాలయం ప్రారంభమైంది. నేడు దీనిలో 1.4 కోట్లకు పైగా పొగాకు పత్రాలతోబాటు ఔషధ, రసాయన, ఆహార పరిశ్రమల పత్రాలు కూడా ఉన్నాయి. ఎవరైనా, ఎక్కడినుండైనా ఉచితంగా చదువవచ్చు. బ్రౌన్ అండ్ విలియమ్సన్‌కు మాతృసంస్థ అయిన బ్రిటిష్ అమెరికన్ టొబాకో, గుంటూరు పొగాకు రైతులకు బాగా పరిచయమున్న ఐటీసీలో కూడా వాటాదారు. కాబట్టి ఈ సేకరణ మన ప్రాంతపు పరిశోధకులకు దూరపు విషయమేమీ కాదు.

ఇతర ప్రాంగణాలు

శాన్ డియేగోలోని గైసెల్ గ్రంథాలయం, చేతులు పైకెత్తి పుస్తకాలు పట్టుకొన్నట్లుండే కాంక్రీటు భవనం. విలియం పెరైరా రూపొందించిన ఈ భవనం 1970లో తెరవబడింది. డాక్టర్ స్యూస్ పేరుతో పిల్లల పుస్తకాలు వ్రాసిన థియొడోర్ గైసెల్, ఆయన భార్య ఆడ్రీల పేరు 1995లో పెట్టారు. ఆయన బొమ్మలు, వ్రాతప్రతులు ఇక్కడ ఉన్నాయి. డేవిస్‌లో ద్రాక్ష సాగు, వైన్ తయారీలపై పెద్ద సేకరణ ఉంది. రివర్‌సైడ్‌లో 1969లో ఈటన్ అనే వైద్యుని పుస్తకాలు కొనడంతో మొదలైన వైజ్ఞానిక కల్పనా సాహిత్యపు సేకరణ ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. శాంటా బార్బరాలో మైనపు స్తూపాలపై రికార్డయిన పాత పాటలను డిజిటల్ రూపంలో వినవచ్చు. ఇర్వైన్‌లో 1987లో మొదలైన ఆగ్నేయాసియా శరణార్థుల చరిత్ర పత్రాలు, శాంటా క్రూజ్‌లో గ్రేట్‌ఫుల్ డెడ్ సంగీత బృందం పత్రాలు ఉన్నాయి. మెర్సెడ్‌లో ముద్రిత సేకరణ చిన్నది. 2005లో తరగతి గదులు సిద్ధం కాకపోవడంతో మొదటి విద్యార్థులకు పాఠాలు గ్రంథాలయ భవనంలోనే చెప్పారు.

సేవలు

తమ ప్రాంగణంలో లేని పుస్తకాన్ని విద్యార్థి జాబితాలో కోరితే వేరొక ప్రాంగణం నుండి రుసుము లేకుండా తెప్పిస్తారు. వ్యాసం మాత్రమే కావాలంటే స్కాను చేసి పంపిస్తారు. పాఠ్య గ్రంథాలను కొద్ది గంటలపాటు చదువుకోవడానికి ప్రత్యేకంగా ఉంచుతారు, దీనిని రిజర్వు అంటారు. వందల డాలర్ల ధర పలికే పాఠ్య పుస్తకాలు కొనలేని విద్యార్థులకు ఇది పెద్ద ఆధారం.

1997లో స్థాపించబడిన కాలిఫోర్నియా డిజిటల్ గ్రంథాలయానికి అరలూ లేవు, పఠన మందిరమూ లేదు. దీనిని 11వ గ్రంథాలయంగా చెప్పవచ్చు. 10 ప్రాంగణాల తరఫున పత్రికల చందాలను బేరమాడడం, 2002లో మొదలైన ఈ-స్కాలర్‌షిప్ అనే భాండాగారంలో విశ్వవిద్యాలయ పరిశోధకుల వ్యాసాలను ఉచితంగా అందించడం దీని ముఖ్యమైన పనులు. 2006లో విశ్వవిద్యాలయం పుస్తకాల స్కానింగుకై గూగుల్‌తో ఒప్పందం చేసుకుంది. ఆ స్కాను ప్రతులను దాచడానికి ఇతర విశ్వవిద్యాలయాలతో కలిసి 2008లో హాతీట్రస్ట్‌ను స్థాపించింది. ఏదీ మరచిపోదని చెప్పుకొనే ఏనుగు నుండి ఆ పేరు వచ్చింది, హాతీ అన్నది హిందీ మాటే. 2020లో కోవిడ్ వలన గ్రంథాలయాలు మూతబడినప్పుడు, తమ గ్రంథాలయంలో ప్రతి ఉన్న పుస్తకాలను విద్యార్థులు దీనిద్వారా తాత్కాలికంగా ఇంటినుండి చదువగలిగారు.

ఎల్సెవియర్ వివాదం

శాస్త్ర పత్రికల ధరలు గ్రంథాలయాలకు చాలాకాలంగా భారంగా ఉన్నాయి. పరిశోధకులు వ్యాసాలు ఉచితంగా వ్రాసి ఇస్తారు, తోటి పరిశోధకులు ఉచితంగా పరిశీలిస్తారు, చివరకు అవే వ్యాసాలను విశ్వవిద్యాలయం తిరిగి కొనవలసి వస్తుంది. 2013లో ఆచార్యుల సభ, తమ వ్యాసాల ప్రతిని అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచే విధానాన్ని ఆమోదించింది.

అతిపెద్ద ప్రచురణ సంస్థలలో ఒకటైన ఎల్సెవియర్‌తో ఒప్పందం 2018 చివరలో ముగిసింది. చందా, ప్రచురణ ఖర్చులు రెండూ ఒకే ఒప్పందంలో ఉండాలని, తమ పరిశోధకుల వ్యాసాలు ఎవరైనా చదివేలా ఉండాలని విశ్వవిద్యాలయం కోరింది. బేరం కుదరక, 2019 ఫిబ్రవరి 28న చర్చలు విరమించింది. జులైలో సంస్థ కొత్త వ్యాసాలను నిలిపివేసింది. దాదాపు రెండు సంవత్సరాలపాటు పరిశోధకులు వ్యాసాలను ఇతర గ్రంథాలయాల నుండి తెప్పించుకుంటూ, రచయితలనే అడుగుతూ పని నడుపుకున్నారు. అమెరికా పరిశోధన వ్యాసాలలో దాదాపు పదో వంతు ఈ విశ్వవిద్యాలయం నుండే వస్తాయి కాబట్టి ఆ ఎడబాటు సంస్థకు కూడా నష్టమే. 2021 మార్చి 16న, విశ్వవిద్యాలయం కోరిన పద్ధతిలోనే, నాలుగేళ్ళ ఒప్పందం కుదిరింది. ఒక్కొక్క ప్రాంగణం విడివిడిగా బేరమాడి ఉంటే ఇంతకాలం నిలబడగలిగేది కాదు.

చదువుకొనే స్థలాలు

పుస్తకాలు నిల్వ కేంద్రాలకు, కంప్యూటరు తెరలకు తరలిపోతుండగా గ్రంథాలయ భవనాలకు విద్యార్థుల రాక తగ్గలేదు. ఇరుకు అద్దె గదులలో ఇద్దరు ముగ్గురు కలిసి ఉండే విద్యార్థులకు నిశ్శబ్దమైన బల్ల, దీపం, విద్యుత్ ప్లగ్గు పుస్తకమంత అవసరం. 1970లో బర్కిలీలో తెరిచిన మాఫిట్ గ్రంథాలయపు పై రెండు అంతస్తులను పుస్తకాల అరలు తీసివేసి, బృంద చర్చలకు, రాత్రి చదువులకు అనుకూలంగా 2016లో పునర్నిర్మించారు. తినుబండారాలను కూడా అనుమతించారు. పరీక్షల రోజులలో చాలా ప్రాంగణాలలో పని వేళలను పొడిగిస్తారు.

ఈ మార్పు అందరికీ నచ్చలేదు. 2023 ఫిబ్రవరిలో బర్కిలీ అధికారులు ధనాభావం వలన మానవశాస్త్రం, గణితం, భౌతికశాస్త్రాల శాఖా గ్రంథాలయాలను మూసివేస్తామని ప్రకటించారు. ఏప్రిల్‌లో విద్యార్థులు పక్కబట్టలు తెచ్చుకొని మానవశాస్త్ర గ్రంథాలయంలోనే మకాం పెట్టారు. పుస్తకం ఎక్కడో ఒకచోట ఉంటుందని, కోరితే వస్తుందని అధికారులు చెప్పారు. తమ విషయానికి చెందిన పుస్తకాలు, వాటిని ఎరిగిన గ్రంథాలయాధికారి, చదువుకొనే బల్ల ఈ మూడూ ఒకే గదిలో ఉండాలన్నది విద్యార్థుల వాదన. ఆ గదిని చదువుకొనే చోటుగా నిలపడానికి అంగీకారం కుదిరిన తరువాత, ఆ వేసవిలో వారు ఖాళీ చేశారు.